ధాత కరువులో ఓడెక్కిన మనిషి జాడ – నా అనుభవం

మాది జమ్మలమడుగు పక్క పల్లె. ధాత కరువులో మా వంశంలో ఒకాయన మద్రాసు దాకా నడిచిపోయి ఓడెక్కినాడని ఇంట్లో తరాలుగా చెప్పుకుంటారు. ధాత కరువంటే 1876-78 నాటిది, కడప, కర్నూలు, బళ్ళారి జిల్లాలు బాగా దెబ్బతిన్న కరువు. ఆయన యాడికి పోయినాడంటే మాత్రం ఒకరు మారీసు (మారిషస్) అంటారు, ఒకరు రంగూన్ అంటారు.

మా వంశం చదివే వంశరాజుల పెద్దాయన్ను (పిచ్చిగుంట్లవాళ్ళంటే మావైపు అందరికీ తెలుసు) ముందు అడిగినాను. ఇంటిపేరు, గోత్రం, ఏడు తరాల పెద్దకొడుకుల పేర్లు గడగడా చదివినాడు, ఓడెక్కినాయన పేరు మాత్రం అందులో లేదు. ఊరొదిలి పోయినోడు మాకు కట్నం ఇయ్యడు, వాని పేరు ఎందుకు చదువుతాం అన్నాడు. అదీ నిజమే.

ఇంక డీఎన్ఏ టెస్టు. నేను చేయించుకోలేదు, మా మేనత్తతో చేయించినాను. ఒక్కో తరం దిగేకొద్దీ పాతవాళ్ళ డీఎన్ఏ సుమారుగా సగం సగం తగ్గిపోతుంది కాబట్టి ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళు ఎవరుంటే వాళ్ళతో ఇప్పించాలి, అదీ ఆలస్యం చేయకుండా. ఉమ్మి పట్టే ముందు అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు. పొద్దస్తమానం వక్కాకు నమిలే మనిషిని అరగంట ఆపడమే ఈ మొత్తం పనిలో కష్టమైన భాగం. "ఏం అల్లుడూ, నా ఎంగిలి ఇమానమెక్కి పోతాదా?" అని ఒకటే నవ్వు.

ఫలితాల్లో జాతులు, ప్రాంతాల శాతాలని రంగురంగుల బొమ్మ ఒకటి వస్తుంది, దాంతో మనకు పెద్ద పనిలేదు. చూడాల్సింది మన డీఎన్ఏతో కలిసేవాళ్ళ జాబితా. అందులో డర్బన్‌లో ఉండే ఒకామె 130 సెంటీమోర్గన్లతో పైన కనిపించింది. సెంటీమోర్గన్ అంటే ఇద్దరూ పంచుకున్న డీఎన్ఏకు కొలత. సెకండ్ కజిన్ కావచ్చు అని సైటు రాసింది, అంటే ఇద్దరికీ ముత్తాత ఒకరే అని. కానీ అత్తకు ముత్తాతల సంతానమంతా మాకు పేరుపేరునా తెలుసు, వాళ్ళలో దేశం దాటినోళ్ళు ఎవరూ లేరు.

ఇక్కడ మన పెళ్ళిళ్ళ సంగతి తెలియాలి. మా అబ్బ (నాయన నాయన) సొంత అక్క కూతుర్నే చేసుకున్నాడు, దానికి ముందు రెండు తరాల్లోనూ మేనరికాలే. అట్లాంటప్పుడు ఒకే పూర్వీకుని డీఎన్ఏ అమ్మ వైపునుంచీ నాయన వైపునుంచీ రెండు దారుల్లో మనలోకి దిగుతుంది. థర్డ్ కజిన్ల మధ్య, అంటే ముత్తాత నాయన ఒకరే అయినవాళ్ళ మధ్య, సగటున డెబ్బై, ఎనభై సెంటీమోర్గన్లు ఉంటాయి, మేనరికాల ఇంట్లో అది ఇంకా బాగా పెరగొచ్చు. సైట్ల లెక్కలు ఇట్లాంటి పెళ్ళిళ్ళను మనసులో పెట్టుకుని కట్టినవి కావు. అందుకే మొత్తం అంకె కంటే ఒక్కటిగా కలిసిన అన్నిటికంటే పొడుగు ముక్క ఎంతుందో చూడాలి. మాదాంట్లో అన్నీ చిన్న చిన్న ముక్కలే, అంటే చుట్టరికం సైటు చెప్పినదానికంటే ఒకటి రెండు తరాలు వెనక్కి ఉందన్నమాట.

ఆమెకు మెసేజ్ పెడితే మరుసటి రోజే జవాబు. తెలుగు రాదు, వాళ్ళ పెద్దలది కడప అని మాత్రం తెలుసు, ముత్తాత కలోనియల్ నంబరు ఇంట్లో కాగితాల మీద ఉందంట. ఆ నంబరే ప్రాణం. 1860 నుంచి 1911 దాకా (1866లో ఆగి 1874లో మళ్ళీ మొదలైంది) లక్షన్నరకు పైగా మనవాళ్ళు నేటాల్ (దక్షిణాఫ్రికాలో డర్బన్ ఉండే ప్రాంతం) చెరకు తోటలకు కూలికి పోయినారు, ప్రతి ఒక్కరికీ ఒక నంబరు. ఓడ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీద మచ్చలు కూడా రాసినారు, ఇంటిపేరు మాత్రం ఉండదు. స్పెల్లింగు గుమాస్తా చెవికి ఎట్లా వినిపిస్తే అట్లా. వెతికేటప్పుడు కళ్ళతో కాదు, బయటికి పలుకుతూ వెతకండి. 1878లో మద్రాసునుంచి పోయిన ఓడలో దొరికినాడు. జమ్మలమడుగు తాలూకా, మా ఊరే, ఎడమ కాలి మీద మచ్చ.

తండ్రి పేరు మా వంశంలో తరానికొకరికి పెట్టే పేరే, కానీ ఊళ్ళో సగం మందికి అదే పేరు. దాన్ని తేల్చింది ఇనాం రిజిస్టరు. మా వాళ్ళకు చెరువు మరమ్మతు కోసం ఇచ్చిన దశబంధం ఇనాం భూమి ఉండేది, 1860ల్లో ఇంగ్లీషోళ్ళ ఇనాం కమిషన్ రాసిన రిజిస్టర్లలో అప్పటి అనుభవదారు పేరు, వయసు, మొదట ఇనాం పొందినవాడితో చుట్టరికం ఉంటాయి. ముందు ఆర్‌.ఎస్‌.ఆర్‌. (ఊరి భూముల పాత సర్వే, శిస్తు రిజిస్టరు) నుంచి పాత సర్వే నంబరు పట్టుకుని, దాంతో టి.డి. (టైటిల్ డీడ్, అంటే ఇనాం పట్టా) నంబరు పట్టుకుని నకలుకు అర్జీ పెట్టాలి, ఊరికే "మా తాత పేరు చూడండి సార్" అంటే ఎవరూ చూడరు. ఓడ జాబితాలో తండ్రి పేరు ఆ అనుభవదారుదే, వయసుల లెక్కా సరిపోయింది, ఊళ్ళో ఇంకే ఇనాందారుకూ ఆ పేరు లేదు. ఆ అనుభవదారు అత్త ముత్తాతకు నాయన, అంటే ఓడెక్కినాయన ఆ ముత్తాతకు సొంత తమ్ముడు.

అసలు తలనొప్పి ఆఫీసులో కాదు, ఊళ్ళో. పాత ఇనాం కాగితాలు తీస్తున్నానని తెలియగానే మా పాలోళ్ళు (దాయాదులు) వరుసగా ఇంటికి రావడం మొదలుపెట్టినారు. భూమి కోసం కాదని ఎంత చెప్పినా నమ్మరే! డర్బన్ సంగతి చెబితే ఇంకా టెన్షన్ పడినారు, "వాళ్ళొచ్చి భాగం అడుగుతారా ఏంది?" అని. ఇట్లాంటి పని పెట్టుకునేవాళ్ళు పాలోళ్ళకు ముందే చెప్పి పెట్టుకోండి.

వీడియో కాల్‌లో అత్త మాత్రం అవేవీ పట్టించుకోలేదు. తరాలు వేళ్ళ మీద లెక్కబెట్టి, ఆమె తనకు చెల్లెలి వరస అని తేల్చి, ఇంత వయసొచ్చినా మెళ్ళో నల్లపూసలు లేవేమని అడిగేసింది. నేను దాన్ని ఇంగ్లీషులో చెప్పకుండా దాటేసినాను. ఓడెక్కినాయన భార్యది పులివెందుల తాలూకా అని అదే జాబితాలో ఉంది, ఊరి పేరు మాత్రం ఎంత పలికి చూసినా అంతుపట్టడం లేదు. ఆ చుట్టుపక్కలవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, అక్షరాలు పంపిస్తాను.