చేతులు కనపడేచోట కూర్చోవాలి: సాల్ట్‌లేక్ లోయలో ఒక వారం

అమెరికాలోని యూటా రాష్ట్రంలో, సాల్ట్‌లేక్ లోయలోని మోర్మన్ల బధిర సంఘంలో మతబోధ చేసే యువ మిషనరీలతో ఒక వారం గడిపాను. సోమవారం ఉదయం వాళ్ళు ఎక్కడున్నారని అడిగితే, లాండ్రీలో ఉన్నారని చెప్పారు. వారంలో కాస్త తీరిక దొరికేది ఆ రోజే. దాన్ని ‘పి-డే’ (ప్రిపరేషన్ డే, అంటే సిద్ధపడే రోజు) అంటారు. బట్టలు, సరుకులు, ఇంటికి వీడియో కాల్ అన్నీ అప్పుడే. వారానికోసారి ఇంటికి మాట్లాడే వెసులుబాటు 2019 ఫిబ్రవరిలో వచ్చింది. అంతకుముందు క్రిస్మస్‌కి, మదర్స్ డేకి మాత్రమే ఫోన్. అబ్బాయిలు 24 నెలలు, అమ్మాయిలు 18 నెలలు ఈ సేవలో ఉంటారు. ఎప్పుడూ ఇద్దరిద్దరుగానే తిరుగుతారు. జీతం లేదు సరికదా, నెలనెలా ఖర్చుకి వాళ్ళ కుటుంబాలే డబ్బు కడతాయి.

మనకి మోర్మన్లుగా తెలిసిన ఈ సంఘం, ఆ పేరుతో పిలవొద్దని 2018 నుంచి గట్టిగా కోరుతోంది. తెలుగులో వాళ్ళు రాసుకునే పేరు ‘యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము’. స్థానిక సంఘాన్ని వార్డు అంటారు, చిన్నదైతే బ్రాంచి. కొన్ని వార్డులు కలిస్తే స్టేక్. మన దేశంలో మొదటి స్టేక్ 2012లో హైదరాబాదులోనే ఏర్పడింది.

మంగళవారం ఫ్రంట్‌రన్నర్ రైలెక్కి ఉత్తరాన ఆగ్డెన్‌కి వెళ్ళాను. యూటా బధిరుల పాఠశాల 1896లో ఆ ఊరికి మారింది. పిల్లలు, టీచర్లు, చదువు ముగిశాక అక్కడే స్థిరపడినవాళ్ళు అంతా ఒకచోట ఉండబట్టే, 1917 నాటికి వాళ్ళకోసం ప్రత్యేకంగా ఒక బ్రాంచి, ఒక ప్రార్థనా మందిరం ఏర్పడ్డాయి. బడి ఎక్కడుంటే బధిర సమాజం అక్కడ పెరుగుతుంది. ఇప్పుడు సభ్యులు లోయంతా చెదిరిపోయి ఉన్నారు. మామూలు వార్డు మిషనరీలకి నాలుగు వీధులు సరిపోతే, వీళ్ళు ఒక్కో ఇంటికి అరగంట కారు నడపాలి. బండి నడిపేవాడి కళ్ళు రోడ్డు మీద ఉండాలి కాబట్టి, బధిరులెవరైనా కారులో ఉంటే ఎర్రలైటు పడేదాకా కబుర్లు ఆగుతాయి.

ఇంటి ముందుకి వచ్చాక తలుపు కొట్టి లాభం లేదు. బెల్ నొక్కితే లోపల దీపం మిణుకుమిణుకుమంటుంది. కానీ మనిషి పెరట్లో ఉంటే ఆ వెలుగు కంట పడదు. అందుకే కారు ఆపగానే ‘వచ్చాం’ అని మెసేజ్ పెట్టి, తర్వాత బెల్ నొక్కి, నిమిషం ఆగి మళ్ళీ నొక్కుతారు.

లోపలికి వెళ్ళాక ఎక్కడ కూర్చుంటామన్నది చాలా ముఖ్యం. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే ముఖం నీడలో పడి కనుబొమలు కనిపించవు. అమెరికన్ సైగ భాషలో వ్యాకరణం చాలావరకు ముఖంలోనే ఉంది. అవునా కాదా అని అడిగేటప్పుడు కనుబొమలు లేస్తాయి. ఎవరు, ఎక్కడ, ఎందుకు అన్నప్పుడు ముడిపడతాయి. తెలుగులో ‘వస్తావు’కీ ‘వస్తావా’కీ మధ్య ఒక్క దీర్ఘమే తేడా కదా, అక్కడ ఆ దీర్ఘం కనుబొమల్లో ఉంటుంది. మిషనరీలిద్దరూ సోఫాలో భుజాలు రాసుకుంటూ కూర్చోకూడదు. ఒకరు చెప్పింది రెండోవారికి కనపడక, చెప్పిందే మళ్ళీ చెబుతారు. కుర్చీ లాక్కుని ముగ్గురూ ముక్కోణంలో కూర్చోవాలి. బల్ల మీద పూలకుండీ ఉంటే పక్కన పెట్టాలి. వీళ్ళు వేసుకునే తెల్లచొక్కా కూడా ఒక ఇబ్బందే. తెల్లని చేతులు తెల్లబట్ట ముందు ఆడుతుంటే పది నిమిషాల్లో చూసేవాళ్ళ కళ్ళు లాగేస్తాయి. ముదురు రంగు కోటు తీయకుండా ఉంటే ఆ బాధ ఉండదు.

కొత్తగా వచ్చినవాళ్ళు ఎక్కువగా ఇంగ్లీషు వరసలోనే సైగలు పేరుస్తారు. ‘బాప్తిస్మం తీసుకున్నారా’ అని అడగడానికి, ఇంగ్లీషు వాక్యంలో ‘have’ ఉంది కదా అని ‘కలిగి ఉండు’ అనే సైగ వాడతారు. ఆ సైగకి వస్తువు దగ్గర ఉండటం అనే అర్థమే ఉంది. అడగాల్సిన తీరు వేరు: ముందు బాప్తిస్మం, తర్వాత ‘అయిపోవడం’ అనే సైగ, దానితోపాటే కనుబొమలు పైకి. మనం ‘బాప్తిస్మం అయిందా?’ అన్నట్టే. తెలుగువాళ్ళకి ఈ వరస ఇట్టే పట్టుబడుతుందనిపించింది. అక్షరాలు మాత్రం మనల్ని తికమక పెడతాయి. భారతీయ సైగ భాషలో ఇంగ్లీషు అక్షరాలు రెండు చేతులతో, అక్కడ ఒంటిచేత్తో.

ఇంకో పొరపాటు తలూపడం దగ్గర జరుగుతుంది. పాఠం చెబుతుంటే ఎదుటివారు తలూపుతూనే ఉంటారు. అది ఒప్పుకోవడం కాదు. మనం కథ వింటూ ‘ఊ’ కొట్టడం లాంటిది, చెప్పేది అందుతోందని మాత్రమే. ఇది తెలియని మిషనరీ ‘ఆయన సరే అన్నారు’ అనుకుని వచ్చేవారానికి బాప్తిస్మం తేదీ రాసుకుంటాడు. ఆ రోజు ఎవరూ రారు. తెలిసినవాడు ‘ఇప్పుడు మీరు నాకు చెప్పండి’ అని అడిగి, వారి చేతుల్లోంచి అదే విషయం తిరిగి వచ్చేదాకా ఆగుతాడు.

చదవడం, చూడటం ఒకేసారి కుదరవు. వచనం వేలితో చూపించాలి, చదవనివ్వాలి, కళ్ళు పైకెత్తాకే చెయ్యి కదపాలి. పేజీ మీద చూపు ఉండగా చెప్పిందంతా గాలికి పోయినట్టే. అందువల్ల అరగంట పాఠానికి గంట పడుతుంది. ఇంగ్లీషు చాలామందికి రెండో భాష. బైబిలుతోపాటు ఈ సంఘం పవిత్రంగా భావించే మోర్మన్ గ్రంథం సైగ భాషలో వీడియోగా ఉంది కాబట్టి పుస్తకం మూసి అదే చూస్తారు. ప్రార్థనలో ఎవరూ కళ్ళు మూయరు. మూస్తే ప్రార్థనే అందదు. చిన్నప్పటినుంచి చేతులు కట్టుకుని కళ్ళు మూసుకునే అలవాటున్న కుర్రాళ్ళకి ఇది మారడానికి వారాలు పడుతుందట. వాళ్ళకి సైగపేరు, అంటే ఒక మనిషిని సూచించే ప్రత్యేక సైగ, పెట్టేదీ బధిరులే. సొంతంగా పెట్టుకోవడం మర్యాద కాదు.

గురువారమంతా ఫోన్ పని. వినగలిగినవాళ్ళతో మాట్లాడాలంటే బధిరులు వీడియో రిలే వాడతారు: తెర మీద దుబాసీ సైగలు చూసి అవతలివారికి మాటల్లో చెబుతారు. వాడుకునేవారికి ఖర్చు లేదు. అయితే ఇద్దరూ ఒకే గదిలో ఉండి దీన్ని వాడుకోవడం అక్కడి నిబంధనలకి విరుద్ధం. దగ్గర కూర్చుని మాట్లాడాలంటే దుబాసీని విడిగా పిలవాల్సిందే.

శనివారం బాప్తిస్మం ఉంటే ఏర్పాట్లు ముందే చేసుకోవాలి. మునక పూర్తిగా ఉండాలి. జుట్టుగానీ బట్ట అంచుగానీ పైకి తేలితే మళ్ళీ చేయాలి. ఇద్దరు సాక్షులు చూస్తారు. వినికిడి యంత్రాలు, కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్‌తో చెవి లోపల అమర్చే వినికిడి పరికరం) బయటి భాగం నీళ్ళలోకి దిగేముందే తీసి పొడి డబ్బాలో పెట్టాలి. అవి తీశాక ఆ కాస్త వినికిడి కూడా ఉండదు. కళ్ళజోడు కూడా తీస్తే సైగలు మసకబారతాయి. కాబట్టి ముక్కు ఎప్పుడు పట్టుకోవాలి, మోకాళ్ళు ఎలా వంచాలి అన్నది గట్టు మీదే నేర్పి, పొడిబట్టల్లో ఒకసారి చేయించాలి. నీళ్ళలో ప్రార్థన ఎదురెదురుగా నిలబడి సైగల్లో ముగించి, అప్పుడే చెయ్యి పట్టుకోవాలి. సైగ చేసే చెయ్యీ పట్టుకునే చెయ్యీ ఒకటే కదా. బాప్తిస్మం సైగ చూస్తే ఒళ్ళు పులకరిస్తుంది: బొటనవేళ్ళు పైకి నిలిపిన రెండు పిడికిళ్ళు పక్కకి ఒరిగి మళ్ళీ లేస్తాయి. మనిషి మునిగి లేవడమే అది.

ఆదివారం ఫ్రంట్‌రన్నర్ తిరగదు, కారు చూసుకోవాలి. ఆరాధన మొత్తం రెండు గంటలు. నిశ్శబ్దంగా ఉంటుందనుకుంటే పొరపాటు. కుర్చీలు కీచుమంటాయి, పిల్లలు అరుస్తారు, ఒకరిని పిలవాలంటే ఇంకొకరు నేల మీద కాలు తడతారు. ప్రసంగించేవారు పీఠం వెనక నిలబడితే దాని అంచు చేతుల్ని మింగేస్తుంది, అందుకని పక్కకి జరిగి నిలబడతారు. వీడియో వేసినా దీపాలు ఆర్పకూడదు. ఆర్పితే గదిలో అందరి మాటా ఆగిపోతుంది. చూపు కూడా లేని సభ్యుల పక్కన ఒకరు కూర్చుని, తమ చేతుల మీద వారి చేతులు ఉంచుకుని ప్రసంగమంతా స్పర్శతో అందిస్తారు. చాలా అలసట పుట్టించే పని. ఇరవై నిమిషాలకోసారి మనిషి మారాలి. క్రీస్తు జ్ఞాపకార్థం పంచే రొట్టె పళ్ళెం వచ్చినప్పుడు ఆ చేతిని మెల్లగా పళ్ళెం అంచుకి తాకిస్తారు, ముక్క వారే వెతికి తీసుకుంటారు. నీళ్ళ చిన్న కప్పులప్పుడూ అంతే.

ఆరాధన ముగిసినా ఎవరూ కదలరు. వారమంతా వినేవాళ్ళ మధ్య గడిపి వచ్చినవాళ్ళకి కడుపునిండా మాట్లాడుకోవడానికి దొరికేది ఈ కాసేపే. తాళం వేయాల్సిన మనిషి దీపాలు రెండుసార్లు ఆర్పి వెలిగించారు. అప్పుడు లేచి బయటికి నడిచారు, పార్కింగులో మళ్ళీ గుంపులుగా నిలబడ్డారు. ఎండ ఎవరి కళ్ళలోనూ పడకుండా జరిగి నిలబడి మొదలుపెట్టారు.