చదరంగం గళ్లలో వడ్లు: నంబర్ సిస్టం నాకు ఇలా పట్టుబడింది

మాది ఆచంట దగ్గర పల్లె. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు ఎస్ఎస్‌సీ పెట్టే సీజీఎల్ పరీక్షలో టయర్-1 (మొదటి దశ) మొదటిసారి రాసినప్పుడు మ్యాథ్స్‌లో 25 ప్రశ్నలకు 11 మాత్రమే కరెక్టయ్యాయి. ఎక్కువ పోయింది నంబర్ సిస్టంలోనే, అంటే ఏ సంఖ్య దేన్ని భాగిస్తుంది, శేషమెంత అనే ప్రశ్నల్లో. కోచింగ్‌లో ఇచ్చిన షార్ట్‌కట్లన్నీ బట్టీపట్టాను. 7కి ఒకటి, 13కి ఒకటి. ప్రశ్న కాస్త తిప్పి అడిగేసరికి ఏదీ గుర్తురాలేదు. తోచింది పెట్టేశాను, తప్పుకి అర మార్కు చొప్పున కోత పడింది.

ఇంటికొచ్చేసరికి సార్వా కోతలు. నాన్న కళ్లంలో స్వర్ణ రకం ధాన్యం తూర్పారబోస్తుంటే చదరంగం కథ చెప్పాను. మొదటి గడిలో ఒక గింజ, తర్వాతి గడిలో రెండు, ఆపై నాలుగు, అలా 64 గళ్లు. మొత్తం 2⁶⁴−1, అంటే 18446744073709551615 గింజలు.

"ఎన్ని బస్తాలవుద్దిరా?" అన్నారు నాన్న.

పళ్లెంలో వెయ్యి గింజలు లెక్కపెట్టి బంగారు కొట్టు కాటా మీద తూయించాను. రమారమి 20 గ్రాములు. ఆ లెక్కన 36,900 కోట్ల టన్నులు. 75 కేజీల బస్తాలైతే దాదాపు 5 లక్షల కోట్లు. ప్రపంచమంతా కలిపి ఏడాదికి పండే ధాన్యం 80 కోట్ల టన్నులకు అటూ ఇటూ కాబట్టి, 400 ఏళ్లకు పైబడిన పంట. నాన్న చేట కింద పెట్టి మళ్లీ చెప్పమన్నారు.

ఆ ఒక్క సంఖ్యతోనే వారం కూర్చున్నాను. ఇరవై అంకెలున్నా విడదీయడానికి హైస్కూలు సూత్రం చాలు: ఎ స్క్వేర్ మైనస్ బి స్క్వేర్. 2⁶⁴−1 అంటే (2³²+1)(2³²−1). రెండోదాన్ని మళ్లీ అలాగే విడగొట్టుకుంటూ పోతే 3, 5, 17, 257, 65537 వరసగా రాలిపడతాయి. ఈ ఐదూ ప్రధాన సంఖ్యలే. మిగిలింది 2³²+1, అంటే 4294967297. ఇదీ ప్రధాన సంఖ్యే అనుకున్నాడు గణితవేత్త ఫెర్మా. కాదు, 641 దీన్ని భాగిస్తుందని 1732లో ఇంకో గణితవేత్త ఆయిలర్ చూపించాడు.

భాగహారం చేయకుండానే అది ఎలా తెలుస్తుందో చూడండి, నాకు బాగా నచ్చింది ఇదే. 640 అంటే 5×2⁷. అది 641కి ఒకటి తక్కువ, కాబట్టి 641తో భాగిస్తే 5×2⁷కి శేషం −1 అనుకోవచ్చు. నాలుగో ఘాతం చేస్తే 5⁴×2²⁸కి శేషం 1. ఇటు 641 అంటే 625+16, అంటే 5⁴+2⁴. అందుకని 5⁴ ఉన్నచోట −2⁴ పెట్టుకోవచ్చు. అప్పుడు −2³²కి శేషం 1, అంటే 2³²+1కి శేషం సున్నా! ఇది అర్థమైన రాత్రి నాకు నిద్రపట్టలేదు. నిజంగా అంత ఆనందమేసింది.

4294967297కి 641 పోను రెండో కారణాంకం 6700417, అదీ ప్రధాన సంఖ్యే. మొత్తం 2⁶⁴−1కి ఏడు వేర్వేరు ప్రధాన కారణాంకాలు, ఒక్కోటి ఒక్కసారే. ఒక్కోదాన్ని తీసుకోవచ్చు, వదిలేయొచ్చు. కాబట్టి భాజకాలు 2⁷, అంటే 128. అంకెల మొత్తం 87, అందుకే 3 భాగిస్తుంది, 9 భాగించదు. 7తో అయితే 2³కి శేషం 1, 64లో మూళ్లు పోను ఒకటి మిగులుతుంది, కాబట్టి 2⁶⁴కి శేషం 2, అందులో ఒకటి తీసేస్తే 2−1, శేషం 1. ఏ షార్ట్‌కట్టూ అక్కర్లేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నోట్సులో వంద ట్రిక్కులున్నా సరే, ముందు ఒక పెద్ద సంఖ్యను పట్టుకుని దాని లోపలంతా తిరిగి రండి. తర్వాతి సారి టయర్-1లో నంబర్ సిస్టం నుంచి వచ్చినవన్నీ చేశాను, ఒక్కటీ గుణించి చూడలేదు.

ఇవాళ్టికి ఇది చేయండి: 2⁴⁸−1ని 60కీ 70కీ మధ్య రెండే సంఖ్యలు భాగిస్తాయి. అవేవో, ఇంకేవీ ఎందుకు భాగించవో కాగితం మీద రాయండి.