పదకొండు నిమిషాల సినిమా, మూడు నెలల తిరుగుడు

రాత్రి రెండింటికి ఎడిటింగ్ అయిపోయింది, నిద్ర పట్టక రాస్తున్నాను.

అనంతపురంలో ఇంజినీరింగ్ చదివేటప్పుడు హాస్టల్లో అమెరికా దర్శకుడు డేవిడ్ లించ్ తీసిన 'ఇరేజర్‌హెడ్' చూశాను. 1977 నాటి నలుపు తెలుపు సినిమా. కథ అర్థం కాలేదు, కానీ సినిమా అంతా వెనకాల మోగే ఆ యంత్రాల హోరు నన్ను వదల్లేదు. మా నాన్న పనిచేసిన నూనె మిల్లు హోరు అట్లాగే ఉండేది. నాన్న పోయాక అది కలల్లోకి వచ్చేది. దాన్నే సినిమాగా తీయాలనుకున్నాను.

కథ రెండు సాయంత్రాల్లో రాశాను. పెళ్లిళ్లు తీసే స్నేహితుడు కెమెరా ఇచ్చాడు. మా చిన్నాన్న నటించాడు.

చిక్కంతా లొకేషన్ దగ్గరే. ఊరి బయట పాడుబడిన ఒక వేరుశనగ గోడౌన్ ఉంది, ప్రభుత్వానిది. అనుమతి కోసం ఆఫీసుకు పోతే కథ ఒక పేజీలో రాసివ్వమన్నారు. ఒకాయన కాయలు ఒలుస్తుంటే ఒక్కో కాయలోంచి చనిపోయిన తండ్రి దగ్గు వినిపిస్తుందని, ఉన్నదున్నట్టు రాశాను. ఆ సారు గదిలో ఉన్న అందరికీ వినపడేలా గట్టిగా చదివాడు. "ఏమప్పా, ఇది కథనా, జ్వరమా?" అన్నాడు. అందరూ నవ్వారు, పింఛన్ పనిమీద వచ్చిన ముసలాయన కూడా. అది మా నాన్న దగ్గు అని వాళ్లకెట్లా చెప్పాలి? కాగితం తీసుకుని బయటికొచ్చేశాను. తర్వాత ఇంకో రెండుసార్లు పోయినా "సారు లేరు" అనే మాటే.

మీరెవరైనా ఇట్లాంటిది తీస్తుంటే ఆ ఆఫీసుల జోలికి పోవద్దు. అక్కడ కల రాసిచ్చే ఫారం ఉండదు. సొంత మిల్లులు ఉన్నవాళ్లను అడగండి.

మానేద్దామనిపించిన ప్రతిసారీ లించ్‌నే తలచుకున్నాను. 1972లో 'ఇరేజర్‌హెడ్' షూటింగ్ మొదలుపెట్టి, డబ్బుల్లేక ఇంటింటికీ పేపర్లు వేస్తూ ఏళ్ల తరబడి తీశాడు. హీరో తలుపు గుబ్బ తిప్పే షాట్ తర్వాత లోపలికి అడుగుపెట్టే షాట్ ఏడాదిన్నరకు గానీ తీయలేకపోయాడు. నావి మూడు నెలలేగా.

చివరికి నాన్నతో కలిసి పనిచేసిన మామ ఒకాయన తన చిన్న మిల్లు రెండు రాత్రులు వదిలేశాడు. కథ అడగలేదు, "మోటారు ఆన్ చేయాల్నా అల్లుడా?" అని మాత్రమే అడిగాడు. మొత్తం ఖర్చు 9,400 రూపాయలు, అందులో సగం తిండికే. ఆ డబ్బుతో ఇంత సినిమా తీశానని గర్వంగానే చెప్తాను.

ఏడో నిమిషంలో హోరు ఇంకొంచెం పెంచాలి. అది సరిచేసి రేపు ముందుగా మామకే చూపిస్తాను.