అప్పన్న కొండ చుట్టూ ఒక రాత్రి

కొండ మెట్లు మొదలయ్యే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టేసరికి మధ్యాహ్నం రెండయింది. ఆషాఢ శుద్ధ చతుర్దశి. చెప్పులు తమ్ముడి స్కూటర్ డిక్కీలో పెట్టేశాం. చుట్టూ ఎటు చూసినా జనమే. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి నెత్తిన మూటలతో వచ్చిన ముసలివాళ్లు, చంకలో పిల్లలతో తల్లులు, పసుపు బట్టలు కట్టుకున్న కుర్రాళ్లు. అప్పన్న అని అందరూ పిలుచుకునే వరాహ నరసింహస్వామి ఉన్న సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడవాలి. పుట్టి పెరిగింది విశాఖలోనే అయినా యాభై రెండేళ్ల వయసు వచ్చేదాకా నేను గిరి ప్రదక్షిణ చెయ్యలేదు. ఈసారి తమ్ముడు ఫోన్ చేసి, "అన్నయ్యా, నాతో నడుస్తావా?" అన్నాడు. అంతకు ముందు రెండేళ్లుగా మా మధ్య పండగ పలకరింపులు తప్ప మాటల్లేవు.

తప్పు నాదే. గాజువాకలో నాకు టైల్స్ షాపు ఉండేది. బాగా నడిచేది. దాన్ని చూపించి అప్పు తెచ్చి, దానికి మూడింతల పెద్ద షోరూమ్ ఇంకోటి తెరిచాను. తమ్ముడు లెక్కలు తెలిసినవాడు. నా కాగితాలు చూసి, "వడ్డీ కట్టడానికే నీ పాత షాపు లాభం సరిపోదు, ఆగు" అన్నాడు. నా ఎదుగుదల చూడలేకపోతున్నాడని నలుగురిలో అనేశాను. ఏడాదిన్నర తిరక్కుండా రెండు షాపులూ మూతపడ్డాయి.

అడవివరం దాటి ముడసర్లోవ వైపు నడుస్తుంటే సన్నగా జల్లు పడింది. దారి పొడవునా మజ్జిగ, పులిహోర, మంచినీళ్లు చేతికందిస్తూనే ఉన్నారు. ఎవరి నోట విన్నా ఒకటే మాట, "సింహాద్రి అప్పన్నా, కాపాడు". మా అమ్మ భాగవతంలో సప్తమ స్కంధం పారాయణ చేసేది. అర్థం కాని చోట ఆగి మాకు మామూలు మాటల్లో చెప్పేది. ఈ కొండ చుట్టూ నడుస్తూ హిరణ్యకశిపుణ్ణి తలుచుకోకుండా ఎలా ఉంటాం? తమ్ముడే మొదలుపెట్టాడు. "అమ్మ ఆ వరాలన్నీ వేళ్ల మీద లెక్కపెట్టించేది, గుర్తుందా?"

గుర్తుంది. బ్రహ్మ సృష్టించిన ఏ ప్రాణి వల్లా చావు రాకూడదు. లోపల రాకూడదు, బయట రాకూడదు. పగలు వద్దు, రాత్రి వద్దు. నేల మీద వద్దు, ఆకాశంలో వద్దు. ఆయుధంతో వద్దు, మనిషి చేతిలో వద్దు, మృగం చేతిలో వద్దు. వింటుంటే ఎక్కడా సందు లేదనిపిస్తుంది. ఆ రాక్షసుడికీ అలాగే అనిపించింది. తనకు తోచినవన్నీ అడిగేశాడు కాబట్టి ఇక లోకంలో మిగిలిందేమీ లేదనుకున్నాడు. నా షోరూమ్ ప్లానులోనూ ప్రతి ఖర్చుకీ ఒక గడి ఉండేది. అమ్మకాలు తగ్గితే ఏం చెయ్యాలో రాసే గడి మాత్రం ఎక్కడా లేదు.

హనుమంతవాక దాటి అప్పుఘర్ చేరేసరికి పొద్దు వాలింది. సముద్రంలో మునిగి లేవడం ఈ ప్రదక్షిణలో ఆనవాయితీ. కెరటాలు గట్టిగా ఉన్నాయి. మా పక్కన విజయనగరం వైపు నుంచి వచ్చిన ముసలమ్మ ఒకామె, మనవడి చెయ్యి పట్టుకుని నీళ్లలో దిగింది. నేను ఒడ్డునే నిలబడిపోతే, "ఏటి బాబూ, బయపడతన్నావా? పెల్లాదుణ్ణి తోసీసినారు ఈ సంద్రంలోకే. ఆ పిల్లోడికే ఏటీ అవలేదు, రా" అంది. ఈ కొండ స్థలపురాణం అదే. ప్రహ్లాదుణ్ణి సముద్రంలో పడేసి చంపబోతే స్వామి ఈ కొండ మీదికి దూకి వచ్చి కాపాడాడని ఇక్కడ చిన్నపిల్లలు కూడా చెబుతారు. నేను మూడు మునకలు వేసి లేచాను. పగలు కాదు, రాత్రీ కాదు. హిరణ్యకశిపుడి వరాల మధ్య మిగిలిపోయిన వేళ సరిగ్గా అదే. ఒళ్లు జలదరించింది. చలి వల్ల అని తమ్ముడితో అన్నాను.

తడి బట్టలతోనే వెంకోజీపాలెం, ఇసుకతోట వైపు నడిచాం. అప్పుడు తమ్ముడు, అమ్మ చెప్పేటప్పుడు నేనెప్పుడూ పట్టించుకోని ఒక ఘట్టం గుర్తు చేశాడు. ఏనుగులతో తొక్కించినా, పాములతో కరిపించినా, విషం పెట్టినా, నిప్పుల్లో వేసినా, కొండల మీంచి తోసినా పిల్లవాడు చావలేదు. అప్పుడు హిరణ్యకశిపుడికి మొదటిసారి భయం వేసింది. వీడికి దేనివల్లా భయం లేదు, వీడితో వైరం వల్లే నాకు చావు వస్తుందేమోనని ముఖం వాడిపోయి కూర్చున్నాడు. కథ మొత్తంలో అతను నిజం చూసింది ఆ ఒక్క క్షణమే. ప్రహ్లాదుడికి చదువు చెప్పే చండామార్కులు, శుక్రాచార్యుడి కొడుకులు, అప్పుడు అతన్ని చాటుకు తీసుకెళ్లారు. నువ్వు కనుబొమ ముడిస్తే చాలు, దిక్పాలకులు వణుకుతారు. మూడు లోకాలూ ఒక్కడివే గెలిచావు. పిల్లల చేష్టలకు దిగులు పడతావా? మా నాన్న వచ్చేదాకా వీణ్ణి వరుణపాశాలతో కట్టి ఉంచు, చాలు, అన్నారు. అతను సరేనన్నాడు. భయం పోయింది.

ఆ మాట విన్నాక చాలాసేపు నేను మాట్లాడలేదు. అలాంటి రాత్రి నాకూ ఒకటి వచ్చింది. షోరూమ్ తెరిచిన నాలుగో నెలలో నిద్ర పట్టక రెండు గంటలకు లేచి లెక్కలు చూసుకున్నాను. గుండె దడదడలాడింది. తమ్ముడు చెప్పింది నిజమేనని ఆ రాత్రే నాకు తెలిసిపోయింది. అప్పుడే ఒక షాపు అమ్మేసి ఉంటే ఇల్లు నిలబడేది. తెల్లారాక షాపులో ఇద్దరిని కదిపాను. వాళ్లు నా దగ్గర జీతం తీసుకునేవాళ్లు, వేరే ఏం చెబుతారు? "మీకు తిరుగేముంది సార్, దసరాకి చూడండి" అన్నారు. ఆ మాట కోసమే వాళ్ల దగ్గరికి వెళ్లానని ఇప్పుడు తెలుస్తోంది. తమ్ముణ్ణి అడిగి ఉంటే ఆ మాట దొరికేది కాదు.

సీతమ్మధార దగ్గర అరటిపండ్లు తిని కాసేపు ఫుట్‌పాత్ మీద కూర్చున్నాం. బలి చక్రవర్తికి వామనుడు చెప్పే సంగతి ఒకటుంది. అది నాకు అన్నిటికంటే ఇష్టం. తన తమ్ముడైన హిరణ్యాక్షుణ్ణి చంపాడని హిరణ్యకశిపుడు శూలం పట్టుకుని విష్ణువు మీదికి వెళ్తాడు. విష్ణువు సూక్ష్మరూపంలో, ఊపిరితో పాటు ముక్కులోంచి వాడి లోపలికే వెళ్లి కూర్చుంటాడు. వాడు భూమి వెతికాడు, స్వర్గం వెతికాడు, పాతాళం, సముద్రాలు, దిక్కులన్నీ వెతికాడు. ఎక్కడా కనపడకపోయేసరికి, నా తమ్ముణ్ణి చంపినవాడు చచ్చిపోయి ఉంటాడని తేల్చేశాడు. తనలోకి తప్ప అన్ని చోట్లా చూసినవాడు, చివరికి కొడుకును పట్టుకుని ఈ స్తంభంలో ఉన్నాడా అని అడిగాడు. పిడికిలితో తనే గుద్దాడు. ఎవరూ గుద్దమనలేదు.

కంచరపాలెం, మాధవధార, ఎన్ఏడీ. ఆ దారంతా అరికాళ్లు మండుతూనే ఉన్నాయి. అర్ధరాత్రి దాటాక గోపాలపట్నం మీదుగా ప్రహ్లాదపురం చేరాం. ఒక దుకాణం బోర్డు మీద ట్యూబ్‌లైటు వెలుతురులో ఆ ఊరి పేరు కనిపించింది. వందసార్లు బస్సులో వెళ్లిన దారి అది. ఆ పేరు ముందు ఎప్పుడూ ఆగలేదు.

"ఒరేయ్, నీకు చెప్పని బాకీ ఇంకోటి ఉంది" అన్నాను.

"ఎంత?"

చెప్పాను. వదినకు తెలుసా అని అడిగాడు. తెలియదన్నాను. చేతిలో ఉన్న మజ్జిగ సగం తాగి, మిగతాది నాకిచ్చాడు. "తాగు. పద, ఇంకెంతో లేదు" అన్నాడు.

తొలిపావంచా దగ్గరే కాసేపు నడుం వాల్చి, తెల్లవారుజామున మెట్లెక్కాం. వెయ్యికి పైగా మెట్లు. గంగధార దగ్గర ముఖం కడుక్కున్నాం. ఆషాఢ పౌర్ణమి స్వామికి చివరి విడత చందనం సమర్పించే రోజు. అక్షయ తృతీయ నాడు నిజరూపం చూపించిన వరాహ నరసింహుడు, నాలుగు విడతల్లో మళ్లీ పూర్తిగా చందనంలోకి వెళ్లిపోతాడు. అన్నను చంపిన సింహం, తమ్ముణ్ణి చంపిన వరాహం, రెండూ ఆ ఒక్క మూర్తిలోనే. అంత ఉగ్రుడూ చల్లగా, లింగంలా, పసుపుపచ్చగా ఉన్నాడు. క్యూలో తోసుకుంటూ వెళ్తే కంటికి దక్కింది కొన్ని క్షణాలే. ఏం అడగాలో మర్చిపోయాను.

గుళ్లో భక్తులు కౌగిలించుకుని మొక్కుకునే కప్పస్తంభం దగ్గర తమ్ముడు నన్ను ముందుకు నెట్టాడు. రెండు చేతులతో చుట్టి పట్టుకున్నాను. రాయి చల్లగా ఉంది. వెనక వాళ్లు తొందర పెట్టేదాకా వదల్లేదు.

బయటికి వచ్చాక ప్రసాదం పంచుకుని తింటూ, "సోమవారం బ్యాంకుకి ఇద్దరం వెళ్దాం. కాగితాలన్నీ తీసుకురా" అన్నాడు తమ్ముడు.

"అన్నీ తెస్తాను" అన్నాను.