సంచి ఇట్లియ్యి అవ్వా!

ఉగాదికి శ్రీశైలం నడిచి పోయేవాళ్ళలో ఎక్కువమంది కన్నడిగులే. బళ్ళారి, రాయచూరు, బాగల్‌కోట్ వైపు నుంచి రోజుల తరబడి ఎండలో నడిచి వస్తారు. భ్రమరాంబ వాళ్ళకు ఇంటి ఆడపడుచు. పండక్కి పుట్టింటి చీర, పసుపు కుంకుమ అందాలి కదా! మేం కర్నూలోళ్ళం. ఆత్మకూరు దాకా హాయిగా బస్సులో పోయి, వెంకటాపురం దగ్గర నల్లమలలోకి దిగినవాళ్ళం. వాళ్ళ నడక ముందు మాది నడకే కాదు.

దారి మొదట్లో పెద్ద పెద్ద పందిళ్ళు, మైకులు, దాతల ఫోటోలతో ఫ్లెక్సీలు. తప్పు పట్టను, అంతమందికి వండి వార్చడం మాటలా? జొన్నరొట్టె మీద వేరుశనగ పొడి వేసి, "ఇంకొకటి తిను సామీ" అని బతిమాలి మరీ పెట్టారు. కాకపోతే నా మనసులో నిలిచినవి ఫ్లెక్సీలు లేని చోట్ల జరిగినవి.

నాగలూటి వీరభద్రస్వామి గుడి దాటాక నా మడమ మీద బొబ్బ లేచింది. షూ విప్పి చూసుకుంటుంటే వెనక వస్తున్న ఒక పెద్దాయన ఆగాడు. పంచె ఎగగట్టుకుని ఉన్నాడు, కాళ్ళకు చెప్పుల్లేవు. "కుంద్రు తమ్మా" అని భుజం పట్టి రాయి మీద కూర్చోబెట్టాడు. తలపాగాలో గుచ్చుకున్న సూది తీసి, అగ్గిపుల్ల గీసి దాన్ని కాల్చి, దారం ఎక్కించి బొబ్బలో ఒక పక్క నుంచి ఇంకో పక్కకు దూర్చాడు. దారం కొసలు అట్లాగే వదిలేశాడు, నీరు మెల్లగా కారిపోవడానికి. పైన పసుపు అద్ది, తన తువ్వాలు అంచు చింపి కట్టాడు. ఆయన పాదాల పగుళ్ళు చూస్తే నా బొబ్బకు ఆగడమే ఎక్కువనిపించింది. నేను ఏదో అనేలోపే "మల్లయ్యా!" అని అరిచి ముందుకు సాగిపోయాడు.

ఆ రాత్రి పెద్దచెరువు దగ్గర ఆగాం. చల్లగా ఉందని గట్టున దుప్పటి పరిచాం. గూడెం నుంచి ఒక చెంచు ఆయన టార్చి వేసుకుని వచ్చి, "ఈడ వద్దు సామీ, రాత్రిళ్ళు జంతువులు నీళ్ళకొస్తాయి" అని మమ్మల్ని లేపి తన గుడిసె పక్కకు తీసుకుపోయాడు. పులుల అడవి అది, మాకు ఆ ఊహే లేదు. చాప ఇచ్చాడు, కుండలో నీళ్ళు చూపించాడు. చెంచులకు మల్లన్న ఇంటి అల్లుడు. అల్లుణ్ణి చూడ్డానికి పోయేవాళ్ళంటే చుట్టాల కిందే లెక్క కాబోలు. పొద్దున డబ్బులివ్వబోతే, "గుళ్ళో నా పేరున టెంకాయ కొట్టు" అన్నాడు.

అసలు కష్టం భీముని కొలను దగ్గర. లోయలోకి దిగి, మళ్ళీ కైలాసద్వారం దాకా రాతిమెట్లు ఎక్కాలి. 14వ శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడని చరిత్రలో ఉంది. ఆ పుణ్యం ఆయనదే గానీ, మోకాళ్ళు మనవి. నా ముందు ఒక అవ్వ నాలుగు మెట్లకోసారి ఆగుతోంది. చేతిలో పచ్చ సంచి. అందులో అమ్మవారి చీర, చిల్లర డబ్బుల మూట. కింది నుంచి రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చిన ఒక కుర్రాడు, "సంచి ఇట్లియ్యి అవ్వా, పైన పెడతా" అన్నాడు. ఆమె ఎవరు నువ్వని కూడా అడక్కుండా ఇచ్చేసింది. అతను వెనక్కి చూడకుండా పోయాడు. టెన్షన్ అంతా నాకే. "ఫోన్ నంబరన్నా తీసుకోవాల్సింది" అని నా స్నేహితుడు గొణిగాడు. అవ్వ మాత్రం ఉత్త చేతులతో హాయిగా ఎక్కుతోంది.

నేను ముందు పైకి చేరి ఆత్రంగా చూశాను. చెట్టు కింద వరసగా పదిహేను ఇరవై సంచులు, పక్కన బీడీ కాలుస్తూ ఒకాయన. పచ్చ సంచి ఉంది. "ఆ పిల్లోడు ఏడీ?" అని అడిగాను.

"ఏ పిల్లోడు? నాకేం తెలుసు? ఒకడు కాదు, శానామంది తెచ్చి పెట్టి పోతాండారు. పొద్దున్నే ఎవరో కాసేపు చూస్తాండు మామా అని పొయ్యినాడు, రాలే." బీడీ నలిపి లేచాడు. "నీకు తొందర లేదు కదా? కూచో, నీళ్ళు తాగొస్తా."

కూర్చున్నాను. ఆయన తిరిగొచ్చేలోపు ఇంకో నాలుగు సంచులు చేరాయి. ఒక అవ్వ రొప్పుతూ వచ్చి, "నాయనా, నాది పచ్చ సంచి, ఏదీ?" అంది. నేను మెట్ల మీద చూసిన అవ్వ కాదు. నా ముందు పచ్చ సంచులు మూడున్నాయి.