'అన్నా' అనే పిలుపుకు సంజాయిషీ ఇచ్చుకున్న సీజన్: ఫాంటసీ ఫుట్‌బాల్‌లో నా అనుభవం

ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) 2024 రెగ్యులర్ సీజన్ 2025 జనవరి 5న ముగిసింది. నిజమైన ఆటగాళ్లతో ఊహా జట్లు కట్టుకుని, వారి ఆటను బట్టి పాయింట్లు లెక్కించుకునే మా ఆఫీసు ఫాంటసీ లీగ్ ఫైనల్ అంతకు ముందు వారమే అయిపోయింది. అక్టోబర్‌లో జరిగినదాని మీద కోపం ఇంకా పూర్తిగా చల్లారలేదు కాబట్టి, చల్లారకముందే ఇది రాస్తున్నాను. అమెరికాలో ఉన్న మనవాళ్లు చాలామంది ఇలాంటి లీగుల్లో చేరుతున్నారు. నాకు ఎదురైనది వారికి ఎదురుకాకూడదని నా కోరిక.

నాది ఖమ్మం. డాలస్ దగ్గర స్థిరపడి పదకొండేళ్లయింది. మా ఆఫీసులో పన్నెండు మందితో ఒక లీగ్ ఉంది. 2024 ఆగస్టులో ఒకరు వేరే ఊరికి బదిలీ కావడంతో ఆ ఖాళీ నాకు దక్కింది. చేరడానికి 50 డాలర్లు, ఒక సంతకం చాలు. తెలుగువాళ్లలో నేను కాక ఇంకొకతను మాత్రమే ఉన్నాడు. గుంటూరు జిల్లా కుర్రాడు, నాకంటే పదేళ్లు చిన్నవాడు, అప్పటికే మూడు సీజన్లు ఆడినవాడు. నన్ను 'అన్నా' అంటాడు, నేను 'తమ్ముడూ' అంటాను. ఈ పిలుపుల సంగతి తరువాత చెప్తాను.

ఐపీఎల్ ఫాంటసీకి అలవాటుపడినవారు మొదట ఒక తేడాను గ్రహించాలి. అక్కడ కోహ్లీని లక్షలమంది తమ జట్టులో పెట్టుకోవచ్చు. ఇక్కడ ఒక లీగులో ఒక ఆటగాడు ఒక్కరి దగ్గరే ఉంటాడు. అందువల్ల డ్రాఫ్ట్‌లో (వంతుల వారీగా ఆటగాళ్లను ఎంచుకునే రోజున) ఎవరిని ఎప్పుడు ఎంచుకున్నాం, తరువాత ఎవరితో ఏ ట్రేడ్ (ఆటగాళ్ల మార్పిడి) చేసుకున్నాం అన్నదే మొత్తం ఆట. పది గజాల పరుగుకు ఒక పాయింటు, టచ్‌డౌన్‌కు (బంతిని ప్రత్యర్థి గీత దాటించినందుకు) ఆరు పాయింట్లు, మా లీగులో పట్టిన ప్రతి బంతికి ఇంకో పాయింటు. ప్రతి వారం తొమ్మిది మందితో లైనప్ పెట్టి, లీగులో ఒకరితో తలపడాలి.

చీటీ తీస్తే నాకు మొదటి స్థానం వచ్చింది. శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ జట్టు రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తేవాడు) క్రిస్టియన్ మెకాఫ్రీని ఎంచుకున్నాను. 2023లో అతను 1,459 గజాలు పరుగెత్తి, అన్నీ కలిపి 21 టచ్‌డౌన్లు చేశాడు. ఆ స్థానంలో ఎవరున్నా అతన్నే తీసుకునేవారు, ఆ రోజు ఎవరూ తప్పుపట్టలేదు. మిగతా డ్రాఫ్ట్ గురించి ఒక్క మాట మాత్రం గర్వంగా చెప్పుకుంటాను. ఆరో రౌండ్ చివర, 72వ ఎంపికగా, లాస్ వేగాస్ రైడర్స్ కొత్త కుర్రాడు బ్రాక్ బౌవర్స్‌ను తీసుకున్నాను. అతనిలాంటి టైట్ ఎండ్‌లు (బంతి పట్టడం, ఎదుటివారిని అడ్డుకోవడం రెండూ చేసేవారు) మొదటి ఏడాది రాణించరని పక్కనున్న ఇద్దరు నాకు హితవు చెప్పారు. అతను 112 బంతులు పట్టి, కొత్త ఆటగాళ్లందరి రికార్డునూ బద్దలు కొట్టాడు. బంతి పట్టి సాధించిన గజాలలో కొత్త టైట్ ఎండ్‌ల రికార్డు 1961 నుంచి మైక్ డిట్కా పేరు మీద ఉండేది, అదీ ఇతనికే దక్కింది. ఆటగాడి వయసును కాక, జట్టు అతనికి ఎన్ని బంతులు వేయబోతోందన్నది చూడాలని నేను గట్టిగా నమ్ముతాను.

మొదటి వారంలోనే దెబ్బ తగిలింది. మెకాఫ్రీ ఆట సెప్టెంబర్ 9, సోమవారం రాత్రి, న్యూయార్క్ జెట్స్ మీద. కాలి పిక్క నొప్పి వల్ల అతని పేరు అనుమానపు జాబితాలో ఉన్నా, ఆడతాడనే అందరూ అనుకున్నారు. ఆటకు సుమారు గంటన్నర ముందు, ఆడనివారి జాబితాలో అతని పేరు వచ్చింది. అప్పటికి మిగతా ఆటలన్నీ అయిపోయాయి, నా బెంచ్ మీద ఆ రాత్రి ఆడేవారెవరూ లేరు. అతని స్థానంలో దిగిన జోర్డన్ మేసన్ 147 గజాలు పరుగెత్తుతుంటే, నా లైనప్‌లో మెకాఫ్రీ పేరు పక్కన సున్నా అలాగే నిలిచిపోయింది. కాబట్టి చెప్తున్నాను: సోమవారం ఆడే ఆటగాడి మీద ఏమాత్రం అనుమానం ఉన్నా, అదే ఆటలో ఆడే మరొకరిని బెంచ్ మీద ఉంచుకోండి. మొదటి రౌండ్‌లో రన్నింగ్ బ్యాక్‌ను తీసుకుంటే అతని వెనుక నిలబడేవాణ్ణి కూడా చివరి రౌండ్లలో తీసుకోండి. నేను తీసుకోలేదు.

కొద్ది రోజులకే మెకాఫ్రీని గాయపడినవారి జాబితాలోకి పంపారు. ఆరు వారాలు గడిచేసరికి నాకు రెండు గెలుపులు, నాలుగు ఓటములు. తమ్ముడికి అయిదు గెలుపులు, ఒక్క ఓటమి.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. తమ్ముడి దగ్గర కరోలినా పాంథర్స్ రన్నింగ్ బ్యాక్ చూబా హబ్బర్డ్ ఉన్నాడు. పాంథర్స్ ఆ ఏడాది ఎన్‌ఎఫ్‌ఎల్ అసలు డ్రాఫ్ట్ రెండో రౌండ్‌లో టెక్సస్ యూనివర్సిటీ కుర్రాడు జొనాథన్ బ్రూక్స్‌ను తీసుకోవడంతో, హబ్బర్డ్ పని అయిపోయిందని అందరూ అనుకున్నారు. తమ్ముడు మాత్రం మా డ్రాఫ్ట్‌లో హబ్బర్డ్‌ను తొమ్మిదో రౌండ్‌లో పట్టుకున్నాడు. అతను చక్కగా పరుగెత్తుతున్నాడు. నాకు వెంటనే గెలుపులు కావాలి, లేకపోతే ప్లేఆఫ్స్ (చివరి నాకౌట్ పోటీలు) ఆశ వదులుకోవాలి. తమ్ముడు ఎలాగూ ప్లేఆఫ్స్‌కు వెళ్తాడు కాబట్టి అతనికి నవంబర్ వరకు ఆగే వీలుంది, మెకాఫ్రీ కోలుకుంటే డిసెంబర్‌లో అక్కరకొస్తాడు. ఇద్దరి అవసరాలూ వేరు కావడం వల్లనే ట్రేడ్ అనేది పుడుతుంది. మెకాఫ్రీకి బదులుగా హబ్బర్డ్, ఒకరికి ఒకరు. మంగళవారం రాత్రి ఇద్దరమూ ఒప్పుకున్నాం.

మా లీగ్ నియమం ప్రకారం ఏ ట్రేడ్ మీదనైనా 48 గంటలు అభ్యంతరాలకు గడువు ఉంటుంది. నలుగురు వీటో (వ్యతిరేక ఓటు) వేస్తే రద్దవుతుంది. ఎవరు వేశారో తెలియదు. బుధవారం ఉదయానికే లీగ్ గ్రూపులో ఒక సందేశం కనబడింది: అట్టడుగున ఉన్నవాడు గత ఏడాది అత్యుత్తమ ఆటగాణ్ణి తీసుకెళ్లి మొదటి స్థానంలో ఉన్నవాడి చేతిలో పెట్టడం ఏమిటి, వీళ్లిద్దరూ రోజూ భోజనం దగ్గర తమ భాషలో ఏం మాట్లాడుకుంటున్నారో మనకెలా తెలుస్తుంది? దాని కింద ముగ్గురు బొటనవేలు గుర్తు పెట్టారు. కుమ్మక్కు అన్న మాట అప్పటికి ఎవరూ రాయలేదు. మధ్యాహ్నానికి ఆ మాట కూడా వచ్చింది.

మా లీగును నడిపే సహోద్యోగి, అంటే కమిషనర్, మర్యాదస్తుడే. కానీ ఆ మర్యాదతోనే మా ఇద్దరినీ మా వాట్సాప్ సంభాషణ ఇవ్వమని అడిగాడు. దాచుకోవలసింది ఏమీ లేదు కాబట్టి ఇచ్చాం. గురువారం చిన్న మీటింగ్ గదికి పిలిచాడు. మా తెలుగు సందేశాలను యంత్రంతో అనువదించిన కాగితం టేబుల్ మీద ఉంది. ఒక వాక్యం కింద పసుపు రంగు పూసి ఉంది. తమ్ముడు నాకు రాసిన వాక్యం ఇది: "అన్నా, హబ్బర్డ్‌ని ఇస్తాను. మెకాఫ్రీ నవంబర్‌లో వస్తే నాకు ప్లేఆఫ్స్‌కి పనికొస్తాడు. మీకిప్పుడు గెలుపు కావాలి కదా, ఆలోచించుకోండి." యంత్రం 'అన్నా'ను 'బ్రదర్' అని రాసింది. కమిషనర్ దాని మీద వేలు పెట్టి, మీరిద్దరూ తోడబుట్టినవాళ్లా, లేక దగ్గరి బంధువులా అని అడిగాడు.

నలభై నాలుగేళ్ల వయసులో, పదకొండేళ్లుగా పని చేస్తున్న చోట, 'అన్నా' అనే మాటకు అర్థం వివరించుకోవలసి వస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు. బస్టాండులో ముక్కూమొహం తెలియని మనిషిని సామాను కాస్త జరపమని అడగాలన్నా అన్నా అంటామని చెప్పాను. ఆటో నడిపేవాడిని, కూరగాయలు అమ్మేవాడిని, పై అధికారిని కూడా కొందరు అలాగే పిలుస్తారని, అది వయసుకిచ్చే గౌరవమే తప్ప రక్తసంబంధానికి రుజువు కాదని చెప్పాను. ఆయన తల ఊపి రాసుకున్నాడు. తరువాత, మీ ఇద్దరి కుటుంబాలూ బయట కలుసుకుంటాయా అని అడిగాడు. కలుసుకుంటాయి, ఉగాదికి వాళ్లు మా ఇంటికి వస్తారు అన్నాను. అదీ రాసుకున్నాడు. పక్కన కూర్చున్న తమ్ముడి చెవులు ఎర్రబడ్డాయి. గదిలోంచి బయటికి వచ్చాక, "అన్నా, నా మెసేజ్ వల్ల మీకు మాట వచ్చింది, సారీ" అన్నాడు. క్షమాపణ చెప్పవలసినవాళ్లు వేరే ఉన్నారు, నువ్వెందుకు చెప్తావు తమ్ముడూ అని మాత్రం అనగలిగాను.

నన్ను ఎక్కువగా బాధించింది ఇంకొకటి ఉంది. మా లీగులో ఇద్దరు నిజంగానే బావా బావమరదులు. సెప్టెంబర్‌లో వాళ్లిద్దరూ ఇద్దరికి ఇద్దరిని మార్చుకున్నారు. ఒక్క వీటో పడలేదు, ఎవరి సంభాషణా ఎవరూ అడగలేదు. వాళ్లు మాట్లాడుకునే భాష అందరికీ అర్థమవుతుంది కాబట్టి వాళ్ల మీద నమ్మకం, మాది అర్థం కాదు కాబట్టి మా మీద అనుమానం.

ఆ రాత్రి లీగ్ గ్రూపులో సుదీర్ఘంగా రాశాను. అలా రాసినందుకు నాకు ఇప్పటికీ సంతోషమే. ఇదే మెకాఫ్రీని 2022 అక్టోబర్‌లో పాంథర్స్ ఫార్టీనైనర్స్‌కు ఇచ్చి, 2023 ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో రెండు, మూడు, నాలుగు రౌండ్ల ఎంపికలు, 2024లో అయిదో రౌండ్ ఎంపిక తీసుకున్నప్పుడు, మిగతా ముప్పై జట్ల యజమానులను ఓటు అడిగారా అని ప్రశ్నించాను. ఆనాడు కరోలినాలో అతని వెనుక నిలబడినవారిలో ఈ హబ్బర్డ్ కూడా ఉన్నాడని గుర్తు చేశాను. డాలస్ వాళ్లకు డాలస్ చరిత్రే చెప్పాలనిపించి, 1989 అక్టోబర్‌లో ఇక్కడి జట్టు కౌబాయ్స్ తమ అత్యుత్తమ ఆటగాడు హెర్షల్ వాకర్‌ను మిన్నెసోటాకు ఇచ్చిన సంగతి రాశాను. అట్టడుగున ఉన్న జట్టు తన పెద్ద ఆటగాణ్ణి వదులుకోవడం తెలివితక్కువతనం కాదని, ఆ ట్రేడ్‌లో వచ్చిన డ్రాఫ్ట్ ఎంపికల బలం తోడైన జట్టే ఆ తరువాతి దశాబ్దంలో మూడు సూపర్ బౌల్‌లు (ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్స్) గెలిచిందని, ఈ ఊళ్లో పుట్టి పెరిగిన మీకు నేను చెప్పాలా అని అడిగాను. ఒక్కరు కూడా జవాబివ్వలేదు. శుక్రవారం ఉదయం చూస్తే అయిదు వీటోలతో మా ట్రేడ్ రద్దయి ఉంది. నలుగురు చాలు కదా, అయిదో మనిషి కూడా శ్రమ తీసుకున్నాడు.

ట్రేడ్ ఎంత మంచిదైనా దాన్ని ముందుగా అందరికీ అర్థమయ్యే భాషలో, ఇద్దరికీ ఏం లాభమో రెండు వాక్యాలలో రాసి, గ్రూపులో పెట్టి, ఆ తరువాతే ఒప్పుకోండి. ఇలా రాయవలసి రావడం అన్యాయమే. అయినా రాయండి. చేరేముందు లీగులో వీటో పద్ధతి ఏమిటో కనుక్కోండి. ఎవరు వేశారో తెలియని ఓటు ఉన్న లీగులో 50 డాలర్లు పెట్టడం దండగ. ఎదుట నిలబడి అభ్యంతరం చెప్పలేనివాడికి ఒకరి కష్టాన్ని కొట్టివేసే హక్కు ఉండకూడదు. ఆఫీసులోనైనా, ఊరి పంచాయతీలోనైనా నాది ఇదే మాట.

తరువాత జరిగినవి క్లుప్తంగా చెప్తాను. మెకాఫ్రీ నవంబర్ 10న తిరిగి వచ్చాడు. నాలుగు ఆటలు ఆడి 202 గజాలు మాత్రమే పరుగెత్తాడు, ఒక్క టచ్‌డౌన్ కూడా చేయలేదు. డిసెంబర్ 1న బఫెలోలో, మంచు కురుస్తుండగా, మోకాలు దెబ్బతిని సీజన్ నుంచే తప్పుకున్నాడు. నేను ఏడు గెలుపులు, ఏడు ఓటములతో ఏడో స్థానంలో మిగిలాను. ఆరుగురికే ప్లేఆఫ్స్. ఆరో స్థానంలో ఉన్నవాడికీ ఏడు గెలుపులే, మొత్తం పాయింట్లలో నాకంటే పదకొండు ఎక్కువ. ఆ పదకొండు పాయింట్లు హబ్బర్డ్‌కు ఒక్క మధ్యాహ్నపు పని.

డిసెంబర్ 22న తమ్ముడి సెమీఫైనల్. ఆ రోజు హబ్బర్డ్ అరిజోనా కార్డినల్స్ మీద 152 గజాలు పరుగెత్తి రెండు టచ్‌డౌన్లు చేశాడు. రెండోది ఓవర్‌టైమ్‌లో, 21 గజాల పరుగు, దానితోనే ఆట ముగిసింది. మా ఇంట్లో సోఫాలో కూర్చుని చూస్తున్న మేమిద్దరం ఒక్కసారిగా లేచి నిలబడ్డాం. నాకు దక్కకుండా చేసిన ఆటగాడే తమ్ముణ్ణి ఫైనల్‌కు తీసుకెళ్లాడు. మొదటి స్థానంలో ఉన్నవాడు బలపడకూడదని వీటో వేసిన అయిదుగురు, తమ చేతులతోనే అతణ్ణి బలపరిచారు. మా ట్రేడ్ నిలబడి ఉంటే, అతని దగ్గర మంచులో కూలిన మెకాఫ్రీ మిగిలి ఉండేవాడు. ఫైనల్ వారానికి హబ్బర్డ్ కూడా గాయపడటంతో తమ్ముడు ఓడిపోయాడు, కానీ రెండో బహుమతి అందుకున్నాడు.

జనవరి మొదటి శుక్రవారం మా లీగ్ సీజన్ ముగింపు సమావేశం జరిగింది. వీటో ఓటును తీసివేయాలని, అభ్యంతరం ఉన్నవారు తమ పేరుతో కారణం రాసి ఇవ్వాలని, తీర్పు కమిషనర్ ఒక్కరే రాతపూర్వకంగా చెప్పాలని ప్రతిపాదించాను. చివర ఒక వాక్యం చేర్చాను: సభ్యులు ఏ భాషలో మాట్లాడుకున్నారన్నది, ఒకరినొకరు ఏమని పిలుచుకున్నారన్నది అభ్యంతరానికి కారణం కాకూడదు. ఈసారి రహస్య ఓటు వద్దని, చేతులెత్తమని అడిగాను. తొమ్మిది చేతులు లేచాయి. ఆ కాగితం కింద మొదటి సంతకం నాది, రెండోది తమ్ముడిది, మూడోది కమిషనర్‌ది. సంతకం చేస్తూ ఆయన, ఆ గురువారం గదిలో నిన్ను అలా అడగకుండా ఉండవలసింది అని నాతో అన్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఊపాను, తరువాత ముగ్గురమూ కలిసి భోజనానికి వెళ్లాం.