మా ఇంటి 'నక్క' కేక, అసోసియేషన్ పంచాయితీ

నిన్న రాత్రి అసోసియేషన్ నుంచి ఒక్క లైను మెయిలొచ్చింది. మా కుక్క కేక గురించి మా ఫ్లాటు మీదున్న ఫిర్యాదు మూసేశారట. నాలుగు నెలల గోల! మూడుసార్లు చదువుకున్నాను. మేపుల్ మాత్రం చల్లటి గ్రానైటు మీద పొట్ట ఆనించి, తనకేం పట్టనట్టు నిద్రపోతోంది.

మేపుల్ అసలు మా తమ్ముడి కుక్క. వాడు కెనడాలోని హాలిఫాక్స్ నుంచి ఉద్యోగం ముగించుకుని బెంగళూరు వస్తూ వెంట తెచ్చుకున్నాడు. మైక్రోచిప్, రేబిస్ టీకా కాగితాలు, క్వారంటైన్ వాళ్ళ ఎన్‌ఓసీ అన్నీ వాడే చూసుకున్నాడు. ఆర్నెల్లు తిరక్కుండానే సింగపూర్ బదిలీ అయింది. "కొన్నాళ్ళు చూసుకో అక్కా" అన్నాడు. ఆ కొన్నాళ్ళకిప్పుడు ఏడాదిన్నర.

దీని జాతి పేరు నోవా స్కోషియా డక్ టోలింగ్ రిట్రీవర్. ఎవరైనా అడిగితే ఆ పేరు చెప్పేలోపు మా లిఫ్టు నాలుగో అంతస్తు దాటేస్తుంది, అందుకని టోలర్ అని ఊరుకుంటాను. వేటాడిన పక్షిని నోట కరుచుకుని తెచ్చే రిట్రీవర్లన్నిట్లోకీ చిన్నది, మాది 18 కిలోలు. ఒళ్ళంతా ఎరుపు, ఎద మీదా తోక కొసనా తెలుపు. అనంతపురం నుంచి వచ్చిన మా అమ్మ గుమ్మంలోనే ఆగిపోయి, "ఏమ్మే, నక్కను పెట్టుకున్నావా ఇంట్లో?" అంది. "తోక తొక్కి రా, అదృష్టం కలిసొస్తుంది" అన్నాను.

అమ్మ మరీ తప్పేం అనలేదు. కెనడాలోని నోవా స్కోషియా రాష్ట్రంలో వేటగాళ్ళు పొదల చాటున కూర్చుని నీటి గట్టు మీదికి కర్ర విసిరేవారు. ఈ కుక్క దాని కోసం గంతులేస్తూ కనబడుతుంది, చాటుకు పోతుంది, మళ్ళీ కనబడుతుంది. దూరంగా ఉన్న బాతులు అదేంటో చూద్దామని ఈదుకుంటూ దగ్గరికొస్తాయి. వేటు పడ్డాక బాతును నోట కరుచుకుని తెచ్చేదీ ఇదే. నక్కలు గట్టున ఇలాగే ఆడి బాతుల్ని రప్పిస్తాయని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఈ జాతిని 1945లో కెనడా కెన్నెల్ క్లబ్ గుర్తించింది. 1995లో నోవా స్కోషియా తన సొంత కుక్కగా ప్రకటించుకుంది.

ఇదంతా నాకు అర్థమైంది మాత్రం ఒక సాక్సు వల్ల. చుట్టాలొస్తే మేపుల్ లాబ్రడార్‌లాగా మీదపడి నాకదు. కొత్తవాళ్ళంటే కాస్త ఎడం. మా ఆయన సాక్సొకటి తెచ్చి హాలు మధ్యలో పైకెగరేస్తుంది, పట్టుకుంటుంది, సోఫా వెనక్కి పోతుంది. తెల్లటి తోక కొస ఒక్కటే కనబడుతుంది. మళ్ళీ వస్తుంది, ఎవరి మొహమూ చూడదు. మూడోసారికల్లా పక్కింటి ఆరేళ్ళ పిల్లాడు నేల మీద పాక్కుంటూ సోఫా దాకా వెళ్ళిపోయాడు, అచ్చం బాతులాగే. నక్క జిత్తులంటే నాకు ఆ రోజు తెలిసింది.

ట్రైనర్ సంగతి క్లుప్తంగా చెప్తా, తలుచుకుంటేనే ఒళ్ళు మండుతుంది. పద్దెనిమిది వేలు అడ్వాన్సు తీసుకున్నాడు, లాగితే మెడకు బిగుసుకునే చోక్ చెయిన్ వేశాడు, "సిట్" అని ఇరవైసార్లు చెప్పించాడు. మేపుల్ రెండుసార్లు కూర్చుంది, మూడోసారి నుంచి పావురాలను చూస్తూ నిలబడింది. వచ్చిన పనినే మళ్ళీ మళ్ళీ చెప్తే దానికి విసుగు. "మెంటల్ కేసు మేడమ్" అని తేల్చేశాడు. చోక్ చెయిన్ చేతిలో పట్టుకుని వచ్చేవాడిని గేటు దగ్గర్నుంచే పంపించేయండి.

ఇక అసలు కథ, దాని కేక. టోలర్లకు ఒక కేక ఉంటుంది. కుక్కర్ విజిలుకీ, చంటిపిల్లకు చెవులు కుట్టేటప్పుడు వచ్చే ఏడుపుకీ మధ్యలో ఉంటుంది ఆ శబ్దం. ఏదో మంచి జరగబోతోందని తెలిసి, ఆ ఆత్రం పట్టలేక పెట్టే కేక అది. బంతి కనబడితే కేక. గొలుసు చేతిలోకి తీస్తే కేక. మా వాకింగు పొద్దున ఆరుంపావుకి. బెంగళూరులో మేముండే మారతహళ్ళిలో ఆ వేళకి ఇంకా హారన్లు కూడా మొదలవ్వవు.

అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఎవరో రికార్డింగు పెట్టారు. 'రోజూ తెల్లవారగానే కుక్కను కొడుతున్నారు' అని కింద రాశారు. ఆ ఆదివారం పదకొండింటికి క్లబ్‌హౌసులో మీటింగు. ఇరవై ప్లాస్టిక్ కుర్చీలు, నాకు ముందు వరసలో ఒకటి. సెక్రెటరీ గారు ఆ రికార్డింగును బ్లూటూత్ స్పీకర్లో పెట్టి అందరికీ వినిపించారు, అదీ రెండుసార్లు. మా ఆయన ఫోన్ చూసుకుంటూ కూర్చున్నారు. కన్నడలోనూ హిందీలోనూ ఎవరేమన్నా తట్టుకున్నాను గానీ, బి బ్లాకు నుంచి ఒక పెద్దావిడ లేచి తెలుగులో, "మనవాళ్ళమ్మాయివని మురిసిపోయాను. నోరు లేని జీవాన్ని ఎందుకమ్మా హింసిస్తావ్?" అంది. ఏడుపొచ్చేసింది. నోరు లేకపోవడమేంటండీ, ఈ రభసంతా దాని నోటి వల్లే కదా!

పరుగున వెళ్ళి మేపుల్‌ని తీసుకొచ్చాను, మీరే చూడండి అని. మహాతల్లి నా కాళ్ళ దగ్గర కూర్చుని మౌనవ్రతం పట్టింది. బంతి చూపించాను. తల తిప్పేసుకుంది. కొత్త మొహాలు ఇరవై ఉన్నచోట దానికి ఆట మీద మనసు పోదు; ఆ క్షణంలో అదెవరికి చెప్పను? "చూడండి, ఎంత భయపడిపోయిందో" అన్నారెవరో. నేల చీలి నన్ను మింగేస్తే బాగుండనిపించింది. అంతలో బయట బ్యాడ్మింటన్ కోర్టులో పిల్లలు ఆట మొదలెట్టారు. షటిల్ గాల్లోకి లేవడం అద్దంలోంచి చూసింది. అంతే, స్పీకర్లో వినిపించిన కేకే, పదింతలు గట్టిగా! తోక గిరగిరా తిరుగుతోంది. పెద్దావిడ చెవులు మూసుకుంది. "ఇప్పుడెవరూ కొట్టట్లేదు కదండీ" అన్నాను.

హింస కేసు పోయింది, దాని బదులు శబ్దం కేసు తగులుకుంది. రెండు వేల జరిమానా, సర్వీసు లిఫ్టే వాడాలని హుకుం.

జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు ప్రింటు తీసి పట్టుకెళ్ళాను. పెంపుడు కుక్కల్ని లిఫ్టు ఎక్కనివ్వననడం, వాటి యజమానులకు ప్రత్యేక చార్జీలు, జరిమానాలు వేయడం అసోసియేషన్ల పని కాదని అందులో ఉంది. అయితే ఎడతెగని అరుపులతో ఇరుగుపొరుగును ఇబ్బంది పెట్టకుండా యజమాని ప్రయత్నించాలని కూడా ఉంది. ఆ వాక్యం కింద సెక్రెటరీ గారు ఎర్ర పెన్నుతో గీత గీసి మరీ ఇచ్చారు. ఒప్పుకోవాల్సిందే.

గొలుసుతోనే మొదలెట్టాను. తీస్తాను, కేక వేస్తే తిరిగి కొక్కేనికి తగిలిస్తాను. మాటా లేదు, తిట్టూ లేదు. మొదటి రోజు గుమ్మం దాటడానికి నలభై నిమిషాలు పట్టింది, ఆఫీసు కాల్ పోయింది. పగలు ఊరికే గొలుసు తీసి, మెడలో వేసుకుని వంట చేసుకునేదాన్ని. పొద్దున లేవగానే ముందు దానికొక పని అప్పజెప్పేదాన్ని. చపాతీ ముక్కలు నాలుగు గదుల్లో దాచి వెతకమంటే, ముక్కుతో పావుగంట పనిచేసి సగం ఆత్రం దిగిపోయేది. మూడో వారానికి కేక మూలుగులోకి దిగింది. ఇప్పుడు గొలుసు చూస్తే దాని పళ్ళు టకటకలాడతాయి, అంతే.

పెద్దావిడ మొన్న లిఫ్టులో కలిసి, "ఏమ్మా, కుక్కనిచ్చేశావా? వినబడట్లేదు" అన్నారు. మామూలు లిఫ్టే. మేపుల్ నా వెనక నిలబడే ఉంది.

మెయింటెనెన్సు బిల్లులో మాత్రం ఆ రెండు వేలు ఇంకా అలాగే ఉన్నాయి. ఈ ఆదివారం ట్రెజరర్ గారింటికి ఆ ప్రింటు పట్టుకుని వెళ్తున్నాను, మేపుల్‌తో సహా.